కొబ్బరికి మసి, వేప కొసలు ఎండడం, తురాయి వాలడం: తుఫానుల కాలం లోపు ఏం చెయ్యాలి?

జామకొమ్మ (సాగర్‌నగర్, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మా ఇల్లు సాగర్‌నగర్‌లో, బీచ్ రోడ్డుకి దగ్గర్లోనే. ఇంటి చుట్టూ నాలుగు పెద్ద చెట్లున్నాయి. రెండు కొబ్బరి, గేటు పక్కన వేప, రోడ్డు వారగా తురాయి. అన్నీ మా మామగారు వేసి పెంచినవే. ఆయన ఇప్పుడు లేరు, చెట్ల సంగతి చూసుకోవాల్సింది నేనే. ఈ ఏడాది నాలుగింటికీ ఏదో ఒకటి వచ్చింది.

కొబ్బరికి వేసవిలో ఆకుల అడుగున తెల్లటి పొడి కనిపించింది, గుండ్రంగా తిరిగిన గీతల్లో. తర్వాత కింద ఉన్న మందార మీద, కారు అద్దం మీద జిగురు పడడం మొదలైంది. ఇప్పుడు మట్టల పైభాగమంతా నల్ల మసి, ముట్టుకుంటే చేతికి అంటుతోంది. రెండో కొబ్బరి ఇంకా చిన్నది. దానికి మసి తక్కువే గానీ కొత్తగా విచ్చుకున్న మట్టలు కత్తెరతో కోసినట్టున్నాయి.

వేప చెట్టుకి ఆగస్టు నెలాఖరు నుంచి కొసలు గోధుమ రంగుకి తిరిగి ఎండిపోతున్నాయి. పై కొమ్మల్లో ఎక్కువ. ఒకటి రెండు చోట్ల బంక కూడా కారుతోంది.

తురాయి పక్కన వేసవిలో మురుగు కాలువ కోసం యంత్రంతో తవ్వారు. అప్పుడు ఆ వైపు వేళ్ళు తెగిపోయాయి. మొన్నటి వానల తర్వాత చెట్టు మా గోడ వైపు కొంచెం వాలినట్టు అనిపిస్తోంది.

చెట్ల పని చేసే ఒకాయన వచ్చి చూశారు. కాండానికి బెజ్జాలు పెట్టి మందు ఎక్కిస్తానని, నాలుగింటికీ పవర్ స్ప్రేయర్‌తో మందు కొడతానని, తుఫానులు మొదలయ్యేలోపు కొమ్మలన్నీ నరికేస్తానని, మొత్తానికి పద్దెనిమిది వేలు అవుతుందని చెప్పారు. పక్కింటివాళ్ళేమో అంత ఖర్చు దేనికి, నాలుగూ కొట్టించేయండి అంటున్నారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. హుద్‌హుద్ తుఫానులో వాళ్ళ కారు మీద చెట్టు పడింది. నాకు మాత్రం చెట్లు పోగొట్టుకోవాలని లేదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, పెరట్లో బావి ఉంది, అందుకని మందుల గురించి కూడా టెన్షన్‌గానే ఉంది. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

---

ఎండాడ వాసి

మా అపార్ట్‌మెంట్ కొబ్బరి చెట్లకి కిందటేడు ఇదే మసి వచ్చిందండీ. ఎవరో చెబితే ఘాటైన మందు ఒకటి కొట్టించారు. మందు పేరు కూడా మాకు చెప్పలేదు. రెండు వారాలు బాగానే ఉంది. ఆ తర్వాత మసికి కారణమైన తెల్లదోమ అనే పురుగు ముందుకంటే ఎక్కువైంది, కింద కరివేపాకుకీ అరటికీ పాకింది. ఎందుకలా అయిందో ఇప్పటికీ తెలియదు. మీరు తొందరపడి మాత్రం కొట్టించకండి.

---

మేడ మీద తోట (ఎంవీపీ కాలనీ)

నేను పక్కింటివాళ్ళ వైపు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. 2014 అక్టోబరు 12న ఆ ఆదివారం నేను కిటికీలోంచి చూస్తుండగానే మా వీధిలో చెట్లు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. గాలి గంటకి 180 కిలోమీటర్లు దాటిందని తర్వాత చెప్పారు. చెట్టంటే నాకూ ఇష్టమే. కానీ వాలిన చెట్టు కింద పిల్లలు ఆడుకుంటుంటే చూస్తూ ఊరుకోలేం కదా. కనీసం ఆ తురాయి సంగతి అక్టోబరు రాకముందే తేల్చుకోండి.

---

పాదు

జామకొమ్మ గారూ, నేను ఒక పెద్ద టౌన్‌షిప్‌లో తోటల విభాగంలో చేసి రిటైరయ్యాను. సముద్రపు గాలి తగిలే చెట్లతోనే నా ఉద్యోగమంతా గడిచింది. మీరు వివరంగా రాశారు కాబట్టి నేనూ వివరంగా చెబుతాను.

ఆ చెట్ల పనాయన చేస్తానన్న మూడు పనులూ ఆపేయండి. ముఖ్యంగా బెజ్జాలు. వేపకో మామిడికో దెబ్బ తగిలితే చుట్టూ కొత్త బెరడు పెరిగి కొన్నాళ్ళకి మూసుకుంటుంది. కొబ్బరికి ఆ గుణం లేదు. కాండానికి ఇవాళ పడిన గుంట చెట్టు బతికినన్నాళ్ళూ అలాగే ఉంటుంది. దాంట్లో నీరు నిలుస్తుంది, పురుగు చేరుతుంది.

చెట్టుకి జబ్బు చేసిందని పిలిస్తే నేను ముందు ఆకు వైపు చూసేవాణ్ణి కాదు, మొదలు దగ్గర కూర్చునేవాణ్ణి. మట్టి ఎంత ఉంది, సిమెంటు ఎంత దగ్గరకి వచ్చింది, వేళ్ళు ఎక్కడ తెగాయి, బెరడులోకి ఇనప తీగ ఏమైనా దిగిందా అని చూసేవాణ్ణి. నగరంలో చెట్టు నీరసపడేది ఎక్కువగా అక్కడే. నీరసపడిన చెట్టునే కాండం తొలిచే పురుగులు వెతుక్కుంటూ వస్తాయి. ఆ సంగతి చూడకుండా పైన మందు కొడితే డబ్బు ఖర్చవడం తప్ప ఉపయోగం ఉండదు.

ఇక కొబ్బరి. మీరు చెప్పిన గుండ్రటి గీతలను బట్టి అది సర్పిలాకార తెల్లదోమ. మధ్య అమెరికా నుంచి వచ్చిన పురుగు. మన దేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో కనిపించింది, ఆ తర్వాత త్వరలోనే మన కోస్తాకీ వచ్చేసింది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది, తియ్యటి జిగురు వదులుతుంది. ఆ జిగురు మీద పెరిగే బూజే మీరు చూస్తున్న మసి. అది ఆకుని తినదు, ఎండ తగలనివ్వదు, అంతే. దిగుబడి కొంత తగ్గవచ్చు గానీ ఈ దోమ వల్లే పెద్ద కొబ్బరి చచ్చిపోవడం నేనెక్కడా చూడలేదు.

ఎండాడ వాసి గారి ప్రశ్నకీ ఇక్కడే జవాబు ఉంది. ఎన్‌కార్సియా అని కంటికి సరిగ్గా ఆనని చిన్న పురుగు ఒకటుంది, కందిరీగల జాతిది. ఈ తెల్లదోమ పిల్లల్లోనే దాని పిల్లలు పెరుగుతాయి. దోమ చచ్చిపోతుంది, ఇది గుండ్రటి బెజ్జం చేసుకుని బయటికి వస్తుంది. మన కోస్తా కొబ్బరిలో అది ఇప్పటికే ఉంది. ఘాటు మందు కొడితే ముందు పోయేది అదే, దోమ మాత్రం మళ్ళీ పుంజుకుంటుంది. ఒక ఈనె తెంపి భూతద్దంతో చూడండి. గుండ్రటి బెజ్జాలున్న దోమ పిల్లల డొల్లలు చాలా కనిపిస్తే ఏ మందూ అక్కర్లేదు.

మీరు చెయ్యదగ్గది ఇది. పైపు పెట్టి నీళ్ళు గట్టిగా ఆకు అడుగు భాగానికి కొట్టించండి. దోమ ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టవచ్చు. మసి పోవడానికి పల్చటి గంజి కొడతారు. అది ఎండినప్పుడు పొరలుగా ఊడిపోతూ మసిని కూడా పట్టుకుపోతుంది. ఎండ ఉన్న రోజు కొడితేనే పనిచేస్తుంది. కింద మొక్కల మధ్య ఆముదం రాసిన పసుపు రంగు అట్టలు కట్టండి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు ఐసేరియా అనే మేలు చేసే బూజుని కొబ్బరి రైతులకి సిఫారసు చేస్తుంటారు, అది దొరికితే ఇంకా మంచిది. ఇవేవీ బావికి గానీ పిల్లలకి గానీ భయపడాల్సినవి కావు. వేపనూనె కొట్టేటప్పుడు మాత్రం బావి మీద మూత ఉంచండి.

వేప విషయంలో అసలు కంగారు పడకండి. 2021 నుంచి తెలంగాణలోనూ మన వైపూ వేపచెట్లు ఇలా ఎండడం చూసి జనం హడలిపోయారు. తేయాకు దోమ అని మన జీడిమామిడి రైతులకి బాగా తెలిసిన పురుగే, లేత కొసల్లో రసం పీలుస్తుంది. ఆ గాయాల్లోంచి ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం దిగి కొసను చంపుతుంది. వానల కాలంలో మొదలై డిసెంబరు దాకా ఉంటుంది. చలి తగ్గి కొత్త చిగురు వచ్చేసరికి చాలా చెట్లు మామూలుగా అయిపోతాయి. పెద్ద వేపకి మందు కొట్టడమంటే వీధి అందరి మీదా మందు చల్లడమే, నేను ఒప్పుకోను. అందే కొమ్మల్లో ఎండిన కొసల్ని, పచ్చి భాగం కొంచెం కలిపి కత్తిరించి కాల్చేయండి. కత్తెరని ప్రతిసారీ డెట్టాల్ నీళ్ళతో తుడవండి. లేత మొక్కలకైతే కార్బెండజిమ్ లాంటి శిలీంధ్రనాశిని కొట్టవచ్చు, మీ చెట్టుకి అక్కర్లేదు.

చిన్న కొబ్బరి మట్టలు కోసినట్టున్నాయన్నారు, అది కొమ్ము పురుగు. దాని గురించి ఇక్కడ నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉండాలి. తురాయి గురించి చెప్పాలంటే నాకు ఇంకొన్ని వివరాలు కావాలి. కాలువ వైపు, మొదలు దగ్గర నేల ఎలా ఉంది? పగిలిందా? ఉబ్బిందా? చెట్టు ఊగినప్పుడు నేల కదులుతోందా? వేప మొదలు చుట్టూ ఏముందో కూడా చూసి చెప్పండి.

---

దింపు వారి అబ్బాయి (గాజువాక)

పాదు గారు పిలిచినట్టే ఉంది కాబట్టి రాస్తున్నానండి. మా నాన్న కోనసీమలో దింపు పని, అంటే చెట్టెక్కి కాయలు దింపే పని చేసేవారు. నేను చదువుకుని ఇటొచ్చాను గానీ కొబ్బరి మొవ్వు (నెత్తిన లేత ఆకులు పుట్టే చోటు) చూస్తే ఏం జరిగిందో చెప్పగలను.

కొమ్ము పురుగు మొవ్వులోకి దూరి, ఇంకా విచ్చుకోని ఆకుని నములుతుంది. ఆ ఆకు విచ్చుకున్నాక మీకు కత్తెర వేసినట్టు కనిపిస్తుంది. అంటే మీరు చూస్తున్నది ఎప్పుడో జరిగిన దెబ్బ. ఇప్పుడు కూడా పురుగు లోపలుందా లేదా అన్నది మొవ్వు దగ్గర చూడాలి. మట్ట మొదట్లో బెజ్జం, దానిలోంచి నమిలిన పీచు బయటికి వస్తుంటే లోపలుందన్నమాటే. మా నాన్న ఇనప చువ్వకి కొక్కెం వంచి దాన్ని లాగేసేవారు. తర్వాత వేపపిండి, ఇసక సమంగా కలిపి మొవ్వు చుట్టూ మట్టల సందుల్లో పోసేవారు. చిన్న చెట్టు కాబట్టి నాఫ్తలీన్ ఉండలు మూడు నాలుగు లోపలి మట్టల సందుల్లో పెట్టి పైన ఇసక కప్పినా సరిపోతుంది. నెలన్నరకోసారి మార్చాలి. పిల్లలు అందుకోకుండా చూడండి.

అన్నిటికంటే ముఖ్యం, ఇది ఎక్కడ పుడుతోందో వెతకాలి. కుళ్ళిన గత్తం కుప్పలో, చివికిన కొబ్బరి మొద్దులో గుడ్లు పెడుతుంది. తెల్లగా లావుగా వంకర తిరిగిన పురుగులు కనిపిస్తాయి. మీ పెరట్లో గానీ పక్క ఖాళీ స్థలంలో గానీ అలాంటి కుప్ప ఉంటే తిరగేసి ఎండబెట్టండి, పురుగుల్ని ఏరేయండి. దాన్ని వదిలేసి చెట్టుకి ఎన్ని చేసినా మళ్ళీ వస్తూనే ఉంటాయి.

దీనికంటే నాకు భయం ఎర్రముక్కు పురుగంటే. కొమ్ము పురుగు చేసిన గాయం వాసనకి అది వస్తుంది. పిల్ల పురుగులు కాండం లోపలే తింటాయి, పైకి ఏమీ తెలియదు. కాండం మీద చిన్న బెజ్జం, గోధుమ రంగు జిగురు, నమిలిన పీచు ఉందేమో చూడండి. చెవి ఆనిస్తే కొరికే చప్పుడు వినిపిస్తుంది. మొవ్వు వాలిపోయాక ఇక చేసేదేమీ ఉండదు.

ఇంకొక మాట. తుఫానుకి ముందు చాలా చోట్ల పచ్చి మట్టలన్నీ నరికి, నెత్తి మీద నాలుగు మాత్రమే ఉంచుతున్నారు. చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కొబ్బరి గాలికి వంగి తట్టుకునే చెట్టు. ఎండు మట్టలు, ముదురు కాయలు దింపించండి, అవి ఎగిరి జనానికి తగులుతాయి. పచ్చి మట్ట జోలికి పోవద్దు. తప్పనిసరై కొట్టాల్సి వస్తే మొదలు దగ్గర నాలుగడుగులు వదిలి కొట్టించండి, అప్పుడు ఎర్రముక్కు పురుగు కాండం దాకా చేరలేదు. ఎక్కడానికి కాండం మీద గాట్లు పెట్టేవాళ్ళని అసలు ఎక్కనివ్వకండి.

---

జామకొమ్మ

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మీరు చెప్పినవన్నీ చూసి వచ్చాను.

పెద్ద కొబ్బరి ఆకు కింద డొల్లల్లో గుండ్రటి బెజ్జాలు చాలా ఉన్నాయి. మందు ఆలోచన మానేశాను. చిన్న కొబ్బరి కాండం శుభ్రంగా ఉంది, జిగురు లేదు. పక్క ఖాళీ స్థలంలో పాత గత్తం కుప్ప ఉంది, అందులో తెల్ల పురుగులు ఉన్నాయి! ఆ స్థలం వాళ్ళతో మాట్లాడి రేపు తిరగేయిస్తున్నాను.

వేప మొదలు చుట్టూ గేటు కట్టినప్పుడు టైల్స్ వేయించారు, బెరడుకి ఆనుకుని. తురాయికి కాలువ వైపు నేల ఉబ్బి, వంపుగా ఒక పగులు కనిపిస్తోంది. గాలి వీచినప్పుడు ఆ పగులు కొంచెం తెరుచుకుంటోంది. ఇది రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి. దాన్ని తాళ్ళతో కట్టి నిలబెట్టలేమా?

---

పాదు

అమ్మా, తురాయిని తీయించేయండి. చెట్లు కాపాడాలని చెప్పేవాణ్ణి నేనే ఈ మాట అంటున్నాను. చిన్నప్పటి నుంచి వంగి పెరిగిన చెట్టుకి భయం లేదు, అది ఆ వంపుకి తగ్గట్టు వేళ్ళు వేసుకుంటుంది. నిటారుగా ఉన్న చెట్టు కొత్తగా వాలి, వెనక నేల లేచిందంటే పట్టి ఉంచే వేళ్ళు పోయాయని అర్థం. తురాయి వేళ్ళు మామూలుగానే పైపైన పాకుతాయి, కొయ్య పెళుసు. హుద్‌హుద్‌లో ఇలాంటి వేళ్ళున్న చెట్లు దిమ్మతో సహా లేచిపోవడం నేను వీధి వీధినా చూశాను. తాళ్ళు కడితే మీ గోడతో సహా పడుతుంది. మేడ మీద తోట గారు చెప్పిన మాట నిజం, అక్టోబరు దాకా ఆగవద్దు. పిల్లల్ని ఈ రోజు నుంచే అటు పోనివ్వకండి.

నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి ముందు అనుమతి తీసుకోవాలి. ఆ పగులు, వాలు కనిపించేలా ఫోటోలు తీసి మీ వార్డు సచివాలయంలో ఇచ్చి, దరఖాస్తు ఎక్కడ పెట్టాలో అడగండి. అపాయం ఉందని స్పష్టంగా రాయండి. కరెంటు తీగలు దగ్గరుంటే లైన్ ఆపించకుండా ఎవరినీ చెట్టెక్కించవద్దు.

మిగతా మూడూ మీకు ఉంటాయి. పక్కింటివాళ్ళకి కూడా ఇది చెప్పండి: పడే చెట్టుని తీసేస్తున్నాం, నిలిచే చెట్లని ఉంచుకుంటున్నాం అని. వాళ్ళని పిలిచి ఆ పగులు చూపిస్తే, వేప దగ్గర అలాంటిది లేదని కూడా చూపిస్తే వాళ్ళకీ నమ్మకం కుదురుతుంది.

వేప చుట్టూ టైల్స్ తీయించండి. అన్ని వైపులా కనీసం మీటరు మేర మట్టి ఉండాలి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఆదేశించింది కూడా. గడ్డపార వాడనివ్వకండి, పైన ఉన్న సన్న వేళ్ళు తెగుతాయి. టైల్స్ ఎత్తాక చివికిన ఎరువు పల్చగా చల్లి, ఎండాకు కప్పండి, కాండానికి మాత్రం తగలకూడదు. వేసవిలో నీళ్ళు మొదట్లో కాదు, కొమ్మల కొసలు ఎంతవరకు పరుచుకున్నాయో ఆ వలయంలో పోయాలి. నీరు పీల్చే సన్న వేళ్ళు అక్కడే ఎక్కువ. బెరడు మీద చెదల మట్టి కనిపిస్తే హడావుడి పడవద్దు, గోకి చూడండి. కింద బెరడు గట్టిగా ఉంటే అవి తింటున్నది పైనున్న చచ్చిన పొరని మాత్రమే. మెత్తబడి ఉంటే చెప్పండి, అది వేరే సంగతి.

కొమ్మల సంగతి. తుఫాను భయంతో మోడు చేస్తే, ఆ నరికిన చోట గుబురుగా వచ్చే చిగుర్లు బెరడు పక్కనే అతుక్కుని ఉంటాయి. రెండు మూడేళ్ళకి బరువెక్కి, చిన్న గాలికే ఊడిపడతాయి. నాలుగో వంతు ఆకు కంటే ఎక్కువ తీయనివ్వకండి. ఎండినవి, ఒకదానికొకటి రాసుకునేవి, ఇంటి కప్పు మీదకి వచ్చినవి తీస్తే చాలు, గాలి మధ్యలోంచి పోతుంది. లావు కొమ్మైతే కాండానికి అడుగు దూరంలో ముందు కింద నుంచి కొంచెం కోయాలి, తర్వాత ఇంకొంచెం బయటగా పైనుంచి కోసి కొమ్మని దించాలి, మిగిలిన మొండిని చివర్లో తీయాలి. లేకపోతే కొమ్మ విరిగేటప్పుడు బెరడు కింది దాకా చీలిపోతుంది. మొండి తీసేటప్పుడు కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఒక పట్టీ ఉంటుంది, దాన్ని కోయవద్దు. గాయం మూసేది అదే. తర్వాత బోర్డో పేస్ట్ రాయండి. మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్ళు పది లీటర్లు, ఈ లెక్కన మీకు కావలసినంతే కలుపుకోండి. ప్లాస్టిక్ బకెట్‌లో కలపాలి, ఇనప దాంట్లో కాదు. తారు, సిమెంటు పూయించవద్దు.

తుఫాను వస్తే, వెళ్ళిన మర్నాడే ఆకుల మీద మంచినీళ్ళు కొట్టండి. సముద్రం దగ్గర చెట్ల ఆకులు మాడేది గాలి కంటే ఉప్పు వల్లే ఎక్కువ. ఆకులన్నీ రాలిపోయినా గొడ్డలి తీయకండి. హుద్‌హుద్ తర్వాత కంబాలకొండ అడవి వైపు చూస్తే పచ్చదనం కనిపించేది కాదు, కొన్ని వారాల్లోనే మోళ్ళు చిగుర్చాయి. చిన్న చెట్లు ఒరిగితే నేల తడిగా ఉండగానే నిలబెట్టి ఊతం కట్టాలి, ఈలోగా వేళ్ళు ఎండకుండా తడి గోనె కప్పాలి.

---

జామకొమ్మ

తురాయికి అనుమతి కోసం ఈ రోజే దరఖాస్తు ఇచ్చాను సార్. పక్కింటివాళ్ళు వచ్చి పగులు చూశారు, వేప గురించి ఇక ఏమీ అనలేదు. తురాయి ఉన్న చోట మళ్ళీ ఒక చెట్టు వేయాలని ఉంది. ఏది వేస్తే బాగుంటుంది?

---

పాదు

పొన్న గానీ గంగరావి గానీ వేయండి. రెండూ ఉప్పుగాలికి పుట్టిన చెట్లే. కానుగ కూడా మంచిదే, ఆకు మీద పురుగు మచ్చలు వస్తాయి గానీ చెట్టుకి ఏమీ కాదు. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ మాత్రం పెట్టవద్దు, దాని వేళ్ళు కాలువలోకీ పైపుల్లోకీ దూరతాయి.

కాలువకి వీలైనంత దూరంగా, తురాయి మొద్దు ఉన్న చోటు వదిలేసి కొత్త చోట గొయ్యి తీయించండి. నర్సరీలో పొడుగు చూసి కొనకండి. సంచి విప్పి చూస్తే వేళ్ళు గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి, అలా చుట్టుకున్న వేళ్ళని కత్తిరించి పరిచి నాటాలి. లేకపోతే అది పెద్దయ్యాక తన వేళ్ళతో తనే ఉరేసుకుంటుంది, గాలికి ముందు పడేదీ అదే. ఊతం కర్ర మొక్కలో మూడో వంతు ఎత్తుకే కట్టండి, తాడు వదులుగా ఉండాలి. కాస్త ఊగితేనే కాండం లావెక్కుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ కర్ర తీసేయండి. ఇప్పుడే నాటితే తుఫానులకి కొత్త వేళ్ళు పట్టు దొరకక కదిలిపోతాయి, గొయ్యి మాత్రం వేసవిలో తీసి ఎండనిచ్చి జూన్ చివర్లో వానలు పడ్డాక నాటండి.